లాసెల్స్ అన్న స్టేజి దిగిపోయిన రోజు

హలో, వినిపిస్తోందా అందరికీ? నేనే, గ్లెన్‌రాయ్‌ని. వెనకాల కుక్కలు మొరుగుతున్నాయి, పట్టించుకోకండి. భోజనం చేస్తున్నవాళ్ళు చేస్తూనే వినండి. బస్సులో నిలబడ్డవాళ్ళు పైన కడ్డీ గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఈ వారం మా లాసెల్స్ అన్న పాట మధ్యలో స్టేజి దిగిపోతాడు.

పోయిన వారం ఎక్కడ ఆపామో గుర్తుందా? కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. మాది సాల్ట్‌పాండ్ బ్యాండ్. ఊరు యల్లాస్, జమైకాలో సముద్రం ఒడ్డున. రెగే వాయిస్తాం. ముప్పై ఐదేళ్ళ పైమాటే. డ్రమ్స్ లాసెల్స్ అన్న, బ్యాండ్ పెట్టిందీ ఆయనే. బేస్ గిటార్ ఎగ్బర్ట్, పాట కూడా అతనే పాడతాడు. విన్‌టన్ చక్ చక్‌మని పైకి గీకే గిటార్. నేను ఆర్గన్ మీద ఆ చక్ చక్‌ల సందుల్లో స్వరాలు బుడగల్లా పొంగించేవాణ్ణి. మీసాలు రాకముందు చేరాను, ఇప్పుడు మీసాలు నెరిశాయి.

పోయిన వారం చివర్లో ఏమైంది? రిహార్సల్ అయ్యాక అన్న తన డ్రమ్ము కర్రలు రెండూ చొక్కాతో తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆగస్టు ఆరున ఊళ్ళో స్వాతంత్ర్య దినం మేళా ఉంది కదా. అందులో వాయిస్తా. జనం ఒక్కసారన్నా పుల్ అప్ అడిగితే సరే. అడక్కపోతే ఈ కర్రలు పొయ్యిలో పెట్టేసి మేకలు కాచుకుంటా. ఎవడూ బయట చెప్పడానికి వీల్లేదు" అన్నాడు.

పుల్ అప్ అంటే ఏంటో మా దగ్గర పాకే పిల్లకి కూడా తెలుసు. పాట నచ్చితే జనం చప్పట్లు కొట్టరు, చేతికి అందినదాన్ని బాదుతారు. రేకు గోడ, బల్ల, సీసా, ఏదైనా. ఆ పాట ఆపు, మొదటి నుంచి మళ్ళీ కొట్టు అని దాని అర్థం. బ్యాండు ఉన్నపళంగా తెగ్గొట్టినట్టు ఆగిపోవాలి, డ్రమ్ము మీద ఒక్క దొర్లింపు, మళ్ళీ మొదటికి. దానికి మించిన దండ మా వాళ్ళ మెడలో పడదు. మాకేమో ఆ చప్పుడు విని ఏళ్ళు అయిపోయాయి. ఎక్కడికెళ్ళినా మర్యాదగా చప్పట్లు కొడుతున్నారు. మా దేశంలో వాయిద్యగాడికి చప్పట్లంటే పరామర్శకి వచ్చినట్టే.

అదీ సంగతి. అన్న కర్రలు దించేస్తే బ్యాండ్ ఉండదు. బ్యాండ్ లేకపోతే నేనేం చేస్తానో నాకు తెలీదు. నాకు వచ్చిందల్లా ఆ బుడగలు పొంగించడమే.

సరే, ఆరో తారీకు వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. ఆటల మైదానంలో ఎండ పెనం మీద పోసినట్టుంది. మేం ఆర్గన్ దించుతుంటే టామికా వచ్చింది. స్టేజి అంతా ఆ పిల్ల చేతిలోనే ఉంది. చెవికి మైకు, మెడలో రెండు కార్డులు, నడిచేటప్పుడు మనిషిని కాక గడియారాన్ని చూస్తుంది.

"అంకుల్, మీరే ఫస్ట్. ఇప్పుడే ఎక్కేయండి."

అన్న చుట్టూ చూశాడు. మైదానంలో మనుషులు లేరు. అవతలి మూల పిల్లలు కాళ్ళకి గోనెసంచులు తొడుక్కుని పరుగు పందేనికి నిలబడ్డారు, జనమంతా అక్కడే.

"ఎవరికి వాయించాలమ్మా?" అన్నాడు అన్న.

"వాయిస్తూ ఉంటే వస్తారు అంకుల్. మీరు వాయిస్తే మైకులు సరిగ్గా ఉన్నాయో లేదో మాకూ తెలిసిపోతుంది."

ఎగ్బర్ట్ బేస్ గిటార్ తీగ బిగిస్తున్నవాడు ఆగిపోయాడు. విన్‌టన్ నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను. ఈ మాటకి కర్రలు ఇప్పుడే పొయ్యిలో పెడతాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మైకులేగా, చూసి పెడతాం" అన్నాడు.

ఎక్కాం. ఎదురుగా ఉన్నదల్లా తిండి బళ్ళ వరస. బొగ్గుల మీద కోడి కాల్చే రడ్లీ ఉన్నాడు, ఇనుప డ్రమ్ముని నిలువునా కోసి చేసిన పొయ్యి వాడిది. తోపుడు బండి మీద కొబ్బరిబొండాలు కొట్టే ఆయన. వేయించిన చేప, కర్రపెండలం రొట్టె అమ్మే అక్కచెల్లెళ్ళు ఇద్దరు. వీళ్ళందరి మధ్యలో, స్టేజికి సరిగ్గా ముక్కు ఎదురుగా, మేక తలకాయ సూప్ గంగాళం పెట్టుకుని మిస్ ఐసీ.

మిస్ ఐసీ అంటే ఐసిల్డా, లాసెల్స్ అన్న ముగ్గురు పిల్లల తల్లి. ఇద్దరూ ఒకే కప్పు కింద ఏడాది కుదురుగా ఉన్నది లేదు, ఒకర్నొకరు వదిలిందీ లేదు. ఈస్టర్ నుంచి మాటల్లేవు. అన్న పెంచిన మేకపోతుని ఆవిడ అడక్కుండా సూప్‌లో వేసేసిందని ఆయన గోల, ఆ పోతు తన చిలగడదుంప తీగ మేసిందని ఆవిడ గోల. ఆవిడకో అలవాటు ఉంది. గిరాకీ తగ్గితే గరిటెతో గంగాళం అంచు మీద టంగ్ టంగ్‌మని కొడుతుంది. ఆ చప్పుడికి ఊళ్ళో ఆకలి లేనివాడికి కూడా నోరూరుతుంది.

వాయించడం మొదలుపెట్టాం. మొదటి పాటకి ఎవరూ తల తిప్పలేదు. కొబ్బరిబొండాల ఆయన కాలు మాత్రం ఆడిస్తున్నాడు, అది ఈగలకేమో అనుకున్నాను. రెండో పాట కూడా అంతే. మూడోది 'వాన వెలిసింది'. మా మొదటి రికార్డు. మాకు ఇంత పేరు ఏదన్నా ఉంటే అది పెట్టిన పాట. ఆ పాట వచ్చిందంటే అన్న కళ్ళు మూసేస్తాడు. డ్రమ్ము మీద మొదటి దెబ్బ ఉండాల్సిన చోట ఏమీ ఉండదు, ఖాళీ. మనం ఊపిరి తీసి పట్టుకున్నాక, అప్పుడు పడుతుంది దెబ్బ. వేరేవాళ్ళు కూడా అలాగే వాయిస్తారు. అన్న వదిలే ఖాళీ మాత్రం వేరు. అందులో మనిషి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు.

ఎగ్బర్ట్ రెండో చరణం ఎత్తుకున్నాడో లేదో, టంగ్.

మిస్ ఐసీ గరిటె అది. టంగ్ టంగ్ టంగ్. ఆ వెంటనే బొండాల ఆయన కత్తి బల్లపరుపుగా తిప్పి తోపుడు బండి రేకు మీద ధన్ ధన్‌మని కొట్టాడు. రడ్లీ పొయ్యి మూత ఎత్తి దబ్బున వేశాడు, మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ వేశాడు. చేపల అక్కచెల్లెళ్ళు పెనం మీద అట్లకాడ.

ఎగ్బర్ట్ పాడుతూనే నా వైపు తిరిగాడు, కనుబొమ్మలు నెత్తికెక్కాయి. ఇప్పుడు డ్రమ్ము ఆగాలి. డ్రమ్ము ఆగితేనే మేం ఆగాలి, అదీ పద్ధతి. అన్న ఆగలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. మొహం మాత్రం చేదు తిన్నట్టు అయిపోతోంది. వాళ్ళు ఇంకా గట్టిగా బాదారు. అన్న దవడ బిగిసింది.

ఉన్నట్టుండి కళ్ళు తెరిచి కర్రలు రెండూ ఒక చేత్తో పట్టుకుని లేచాడు.

"అన్నా, ఎక్కడికి?" అన్నాను.

"మీరు ఆపకండి. ఇప్పుడే వస్తా" అని మెట్లు దిగిపోయాడు.

పాట మధ్యలో డ్రమ్మర్ లేచి వెళ్ళిపోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. బేస్, గిటార్, ఆర్గన్ మిగిలాం. ఆయన ఆపొద్దన్నాడు కాబట్టి వేళ్ళు ఆపలేదు. కళ్ళు మాత్రం ఆయన వీపు మీదే. తిన్నగా గంగాళం దగ్గరికి వెళ్ళాడు. ఎగ్బర్ట్ మైకు స్టాండు అంచున ఉంది, అందువల్ల వాళ్ళ మాటలు మైదానమంతా వినపడ్డాయి. టామికా చెప్పినట్టే తెలిసిపోయింది, మైకులు సరిగ్గానే ఉన్నాయి.

"సిగ్గుందా నీకు?" అన్నాడు అన్న.

మిస్ ఐసీ గరిటె ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుని, "ఈస్టర్ తర్వాత మొదటి మాట. బాగుంది" అంది.

"నేను అక్కడ పాట వాయిస్తుంటే, మధ్యలో సూప్ అమ్ముకోవడానికి ఈ టంగ్ టంగేంటి? కాసేపు ఓపిక పట్టలేవా? ఆ గంగాళం చప్పుడు నాకు తెలీదా? వెయ్యి గంగాళాల్లో గుర్తుపడతా. నువ్వు కొట్టావని వీళ్ళంతా గిరాకీ పోతుందని ఎగబడి కొట్టడం."

ఆవిడ ఆయన్ని కింది నుంచి పైకి చూసింది. తర్వాత రడ్లీ వైపు తిరిగింది.

"రడ్లీ, ఈయన ఏమంటున్నాడో విన్నావా?"

"విన్నాను మిస్ ఐసీ. ఎండ దెబ్బేమో."

"లాసెల్స్, నీకు బుర్ర ఉన్న చోట కూడా డ్రమ్మే ఉందా? సూప్ అమ్మడానికి ఎవడున్నాడు ఇక్కడ? మేం పుల్ అప్ అడుగుతున్నాం."

ఆర్గన్ మీద నా వేళ్ళు ఒక్క క్షణం దారి తప్పాయి.

అన్న కర్రలు చేయి మార్చాడు. సంతోషం వస్తుందేమో అనుకున్నాను ఆ మొహంలోకి. రాలేదు. అనుమానం వచ్చింది. తిరిగి స్టేజి వైపు, సరిగ్గా నా వైపు చూశాడు.

"గ్లెన్‌రాయ్ చెప్పాడు కదూ నీకు."

"ఏం చెప్పాడు?"

"నాకు తెలుసు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ముసలాడు పుల్ అప్ లేకపోతే మానేస్తానన్నాడు, పాపం కొంచెం బాదండి అని చెప్పాడు. జాలిపడి బాదారు. అలాంటిది నాకొద్దు ఐసీ. అది లెక్కలోకి రాదు."

"నేనెవరికీ చెప్పలేదన్నా" అన్నాను. మైకులో పడింది. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, ఆ విషయం మా ఇంట్లో కూడా చెప్పలేదు.

మిస్ ఐసీ గరిటె గంగాళంలో పెట్టి చేతులు నడుం మీద వేసుకుంది. "మానేస్తున్నావా? డ్రమ్సా?"

"ఇవాళ జనం అడక్కపోతే."

"మానేసి?"

"మేకలు కాచుకుంటా."

"మేకలు నీకు పుల్ అప్ అడుగుతాయా?" అంది. చేపల అక్కచెల్లెళ్ళు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఇదిగో చూడు లాసెల్స్. నీ మీద జాలిపడే ఓపిక నాకు ఎప్పుడైనా ఉండిందా? మూడో పిల్ల పుట్టినప్పుడు నువ్వు ద్వీపం అవతలి చివర మాంటెగో బేలో వాయిస్తున్నావ్. పడ్డానా జాలి?"

"లేదు" అన్నాడు అన్న, చిన్నగా.

"నీ పోతుని కోసినప్పుడు పడ్డానా?"

"పడలేదు."

"మరి ఇవాళ ఎందుకు పడతాను? ఈ పెద్దమనిషిని చూడు."

అప్పటిదాకా నేను గమనించలేదు. బల్ల దగ్గర ఒక బక్కపల్చటి మనిషి, తెల్ల చొక్కా వేసుకుని, సూప్ గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తెల్ల చొక్కా భుజం నుంచి జేబు దాకా సూప్. జేబు అంచున పచ్చి అరటికాయ ముక్కొకటి నిలబడి ఉంది.

"ఈయనకి వడ్డిస్తున్నాను" అంది మిస్ ఐసీ. "గరిటె నిండా సూప్ ఉంది. నువ్వు ఆ ఖాళీ వదిలావు చూడు, రెండో చరణంలో. నా చెయ్యి నా మాట వినలేదు. సూప్‌తో సహా కొట్టేశాను. కాల్చుకున్నాను, ఇదిగో చూడు, మణికట్టు. జాలిపడి కొట్టేదాన్నయితే గరిటె ఖాళీ చేసి కొడతాను కదా."

అన్న ఆ మనిషి వైపు తిరిగాడు. "ఒంటి మీద సూప్ పోసింది, మీరేం అనలేదా?"

ఆయన నెమ్మదిగా నోరు తుడుచుకున్నాడు. "అనడానికి తీరిక లేదండీ. నేను కూడా స్పూనుతో గిన్నె బాదుతున్నాను. ఇంతకీ మీరెందుకు ఆపలేదు? అడిగాక ఆపాలి కదా. ఇదేం బ్యాండు?"

అప్పుడు చూడాలి మా అన్న మొహం. ఆ గడ్డంలోంచి ఎక్కడో మెల్లగా నవ్వు బయల్దేరింది. తుమ్ము వచ్చేముందు మొహం ఎలా ఉంటుంది, అలా ఉన్నాడు కాసేపు. అన్నేళ్ళ తర్వాత జనం పుల్ అప్ అడిగితే, అడిగినవాళ్ళ మీదకి పోట్లాటకి వెళ్ళిన డ్రమ్మర్ ఈ ద్వీపం మొత్తంలో ఆయనొక్కడే.

"నా తప్పే" అన్నాడు.

"తెలుసు. పో, వెళ్ళి కొట్టు. సూప్ చల్లారిపోతోంది" అంది ఆవిడ.

అన్న పరిగెత్తాడు. ఆ వయసులో మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కే మనిషి రెండేసి మెట్లు ఎక్కాడు. స్టూలు మీద కూర్చోకుండానే చేయి గాల్లో అడ్డంగా కోశాడు. ఎగ్బర్ట్, విన్‌టన్, నేను, ముగ్గురం ఆ కోతకి తెగిపోయాం. మైదానం మీద ఒక్క ఈగ చప్పుడు లేదు. డ్రమ్ము మీద దొర్లింపు. మొదటి నుంచి.

ఇక నేను చెప్పడం కాదు, మీరు అక్కడ ఉండాల్సింది. పోట్లాట వినడానికి సంచుల పరుగు దగ్గరి జనమంతా ఈ వైపు వచ్చేశారు కదా. పోట్లాట అయిపోయింది, పాట దొరికింది. పిల్లలు సంచులు విప్పే తీరిక లేక అలాగే గెంతుతూ వచ్చి స్టేజి ముందు గెంతుతూనే ఉండిపోయారు. పాస్టర్ గారి భార్య గొడుగుతో కుర్చీని బాదింది. కాపలాకి వచ్చిన పోలీసాయన అటూ ఇటూ చూసి, తన టోపీ మీదే వేళ్ళతో కొట్టుకున్నాడు. పాట సగం కూడా దాటనివ్వలేదు జనం. ఆపు, మొదటి నుంచి. మళ్ళీ ఆపు, మళ్ళీ మొదటి నుంచి. 'వాన వెలిసింది' చివరి చరణం ఆ రోజు ఎవరూ వినలేదు.

అన్న కళ్ళు మూసుకోలేదు. పాట మొత్తం కళ్ళు పెద్దవి చేసుకుని, పెళ్ళిలో ఎవరెవరు వచ్చారో చూసుకునే తండ్రిలా, అందర్నీ చూసుకుంటూ వాయించాడు.

టామికా గడియారం చూపిస్తూ వచ్చింది. "అంకుల్, మీ టైం అయిపోయింది. తర్వాత కోరస్ పిల్లలు ఉన్నారు."

మిస్ ఐసీ గంగాళం మీద మూత పెట్టేసింది. అది చూసి రడ్లీ పొయ్యి మూత వేశాడు. బొండాల ఆయన కత్తి బండిలోకి విసిరి చేతులు కట్టుకున్నాడు. అమ్మకాలు బంద్. పాస్టర్ గారి భార్య టామికాని పిలిచి, "అమ్మాయ్, నాకు దాహంగా ఉంది, ఆయన బొండాం కొట్టనంటున్నాడు. వాళ్ళని ఇంకో పాట వాయించనివ్వు" అంది.

వాయించాం. ఇంకో పాట, దాని తర్వాత ఇంకోటి. దిగేసరికి నా చొక్కా పిండితే బకెట్ నిండేది. కోరస్ పిల్లలు, ఉపన్యాసాలు, బహుమతులు, అన్నీ అయ్యాయి. మేం స్టేజి వెనకాల అరటి ఆకుల నీడలో కూర్చున్నాం. మిస్ ఐసీ నాలుగు గిన్నెలు పంపింది. అన్న గిన్నెలో తలకాయ మాంసం ఎక్కువ పడింది. ఎగ్బర్ట్ అది చూసి తన గిన్నెలోకి ఒకసారి తొంగి చూసుకున్నాడు.

"మేకల సంగతేంటన్నా?" అన్నాను.

"ఏ మేకలు?" అన్నాడు ఎముక చీకుతూ.

ఎగ్బర్ట్ నవ్వుతూ గడ్డి మీద వెనక్కి పడిపోయాడు. నాకు నవ్వు రాలేదు, కళ్ళు తడిసిపోయాయి. గిన్నె మొహానికి అడ్డం పెట్టుకుని తాగుతున్నట్టు నటించాను. కారం ఎక్కువైందని అందరూ అనుకున్నారు.

ఇక్కడితో ఆపేస్తే మీరు హాయిగా వెళ్ళి పడుకోవచ్చు. కానీ ఆ రోజు అక్కడితో ఆగలేదు.

పొద్దు వాలుతోంది, సముద్రం మీద వెలుగు ఇంకా ఉంది. టామికా మళ్ళీ వచ్చింది. ఈసారి గడియారం చూడలేదు, మమ్మల్నే చూసింది. చెవి మైకు చేతిలో ఉంది.

"అంకుల్, ఒక ఇబ్బంది వచ్చింది."

"మైకులు పనిచేయట్లేదా?" అన్నాడు అన్న.

ఆ పిల్ల తల దించుకుంది. "ఆ మాట అనకూడదు నేను. క్షమించండి. కెజియా వచ్చేసింది. ఆవిడ బ్యాండు బస్సు రాలేదు. వంతెన మీద అరటి గెలల లారీ అడ్డం పడిందంట. జనం ఆవిడ కోసమే ఉన్నారు. మీరు..."

కెజియా అంటే ఆ ఏడు రేడియో పెడితే ఆవిడే. మినీ బస్సుల్లో ఆవిడే, మంగలి షాపులో ఆవిడే. ఆవిడ వెనక మేం వాయించడం అంటే, మధ్యాహ్నం మైకులు చూడటానికి ఎక్కినవాళ్ళం సాయంత్రం మేళా ముగించడం అన్నమాట.

అన్న గిన్నె పక్కన పెట్టాడు. "ఏమర్రా, ఓపికుందా?"

విన్‌టన్ అప్పటికే గిటార్ తగిలించుకున్నాడు.

కెజియా మెట్ల దగ్గర నిలబడి ఉంది. తలకి పసుపు గుడ్డ, కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. "గుడ్ ఈవెనింగ్ డాడీ. గుడ్ ఈవెనింగ్ అంకుల్స్" అని ఒక్కొక్కరికీ చేయి ఇచ్చింది. మా దగ్గర పెద్ద వయసువాళ్ళని డాడీ అనడం మర్యాద.

"మీకు నా పాటలు తెలుసో లేదో" అంది మొహమాటంగా. "ముందు 'గడప దాటి' పాడతాను. బేస్ ఇలా వెళ్తుంది, వినండి."

నోటితో బేస్ వాయించి చూపించింది. డూం, డుడూం, డూం. రెండు చుట్లు వచ్చేసరికి ఎగ్బర్ట్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. అది 'వాన వెలిసింది' వెనక వైపు. మా రోజుల్లో రికార్డుకి ఒక పక్క పాట ఉంటే రెండో పక్క అదే పాట గొంతు లేకుండా వట్టి డ్రమ్మూ బేసూ ఉండేది, ఎవరికి కావాలంటే వాళ్ళు దాని మీద కొత్త పాట కట్టుకునేవాళ్ళు. ఈ పిల్ల పుట్టకముందు మేం వాయించిన దాని మీదే పాడుతోంది. ఆ సంగతి ఆవిడకి తెలీదనుకున్నాం. మేం ఎవరమో కూడా తెలీదు.

అన్న మాత్రం చాలా శ్రద్ధగా విన్నాడు. గడ్డం గోక్కున్నాడు.

"కష్టంగానే ఉందమ్మా. ఇంకోసారి పాడు" అన్నాడు.

పాపం, ఇంకోసారి పాడింది.

"సరే. ప్రయత్నిద్దాం."

ఎక్కాం. మైదానం నిండిపోయింది. అన్న కర్రలు ఎత్తాడు. దొర్లింపు. ఖాళీ. దెబ్బ.

కెజియా మొదటి వరస పాడింది. రెండో వరసలో గొంతు ఆగిపోయింది. జనం వైపు వీపు పెట్టి మా వైపు తిరిగింది. మేం తప్పు వాయిస్తున్నామని కాదు, ఆ కళ్ళు చూస్తే తెలుస్తోంది. తన రికార్డు తన వెనకాల బతికొచ్చి కూర్చున్నట్టు చూస్తోంది. జనం బాదడం మొదలుపెట్టారు. బళ్ళు, రేకులు, కుర్చీలు. అన్న చేయి కోశాడు, ఆగాం. ఆ చప్పుడులోనే ఆవిడ మైకు కిందికి దించి డ్రమ్ముల దగ్గరికి నడిచింది.

"డాడీ, ఇది మీరే. నా రికార్డులో ఉన్న చేయి ఇదే."

"అలాగే ఉంది" అన్నాడు అన్న, పళ్ళన్నీ బయటపెట్టి.

"కానీ మీరు పోయారు కదా."

"ఎక్కడికి?"

"చనిపోయారని చెప్పారు నాకు. మా రికార్డు తీసినాయన మిమ్మల్ని వెతుక్కుంటూ ఈ ఊరు వచ్చాడు. స్టూడియోకి పిలిచి మళ్ళీ మీతోనే వాయించాలని. పోయి చాలా కాలమైందని చెప్పి పంపేశారంట. చెప్పినావిడ ఏడ్చిందంట కూడా. ఆయన పువ్వులు ఇచ్చి వచ్చాడు."

అన్న నవ్వు అలాగే ఉండిపోయింది, లోపల మనిషి మాత్రం మారిపోయాడు. "ఎవరమ్మా చెప్పింది?"

"మేక సూప్ అమ్మే ఆవిడంట" అంటూ కెజియా స్టేజి అంచు దాకా వెళ్ళి, తిండి బళ్ళ వరసంతా చూసి, వేలు చాపింది.

గంగాళం వెనక మిస్ ఐసీ నిలబడి ఉంది. గరిటె పైకెత్తి ఉంది, కొట్టబోతోంది. ఆ వేలు చూసింది. అన్నని చూసింది. గరిటె మెల్లగా గంగాళంలోకి దించేసి, మూత తీసుకుని దాన్ని డాలులా గుండెకి అడ్డం పెట్టుకుంది.

అన్న లేవబోయాడు. లేవలేకపోయాడు. మైదానం మొత్తం బాదుతోంది, కుర్చీలు విరుగుతున్నాయి, సూప్ చొక్కా మనిషి బల్లెక్కి మరీ బాదుతున్నాడు. అడిగాక కొట్టాలి, అదీ పద్ధతి. ఈసారి స్టేజి దిగి పోట్లాటకి వెళ్ళడానికి జనం వదిలేలా లేరు.

"నన్ను ఎందుకు చంపావే?" అని అక్కణ్ణుంచే అరిచాడు అన్న.

"ముందు పాట కొట్టు, చచ్చినోడా" అంది మిస్ ఐసీ.

కర్రలు పైకి లేచాయి. మొదటి నుంచి.

మిస్ ఐసీ అన్నని ఎందుకు చంపిందో వచ్చే వారం చెప్తాను. ఉంటాను మరి, ఫోను వేడెక్కిపోయింది. బల్ల మీద, స్టీరింగు మీద, పళ్ళెం అంచు మీద ఊరికే దరువేసేవాళ్ళు మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఒకరు ఉండే ఉంటారు. అందరూ ఆపు ఆపు అని విసుక్కునేది వాళ్ళనే. ఈ కథ ముందు వాళ్ళకి పంపండి. మా లాసెల్స్ అన్న ఆపలేదని చెప్పండి.